పూత రాయి కాకముందే

"పైవాళ్ళు గంట ఇచ్చారు మీకు. అరవై ఒకటో నిమిషంలో ఈ తాళం మళ్ళీ నా చేతికి రావాలి," అన్నాడు సబ్ ఇన్స్పెక్టర్ ఝాలా. అతను సీలు తెంపుతుంటే లక్క ముక్కలు గడప మీద రాలాయి.

"పదీ అయిదు," అంది కుసుమ్ అంజారియా వాచీ చూసుకుని. "పదకొండూ అయిదుకి తీసుకోండి."

"దేనికమ్మా ఈ శ్రమ? హంతకురాలు నా జీపులో కూర్చుంది. సుత్తి మీద ఆవిడ వేలిముద్రలున్నాయి, చీర మీద రక్తముంది. నిన్న పొద్దున్నే ముసలాయనతో గొడవపడితే వీధంతా విన్నది. ఇంకేం కావాలి మీకు?"

"ఆ సుత్తి ఆవిడ రోజూ పట్టుకునేదే. రక్తం ఆవిడ శవాన్ని ఒళ్ళోకి తీసుకుంటే అంటింది. ఇక గొడవంటారా, నేనూ మీతో పడ్డాను. నేనిప్పుడు మిమ్మల్ని చంపుతానా?"

"మూడేళ్ళ క్రితం రాజీనామా కాగితం నా మొహాన కొట్టినప్పుడు మాత్రం చంపేలాగే ఉన్నారు."

కుసుమ్ గడప మీది లక్క ముక్కల్ని కాలితో పక్కకి నెట్టింది. రాజ్‌కోట్ క్రైమ్ బ్రాంచిలో పదకొండేళ్ళు చేసిన ఉద్యోగం వదిలి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. ఆ రాజీనామాకి కారణమైన కేసులో ఝాలా పేరు ఉంది. దాని గురించి మాట్లాడుకోవడానికి ఇది చోటు కాదు.

చనిపోయినవాడు మూల్జీ ఖత్రీ. అరవై రెండేళ్ళు. జేత్‌పూర్‌లో చీరలు అచ్చువేసే షెడ్లు ఎన్ని ఉన్నా, వాటిలో సగానికి స్క్రీన్లు ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. నిన్న పొద్దున, తొమ్మిదికీ పదికీ మధ్య, ఈ చీకటి గదిలో ఎవరో వెనకనుంచి సుత్తితో కొట్టారు. పది గంటలకి శవాన్ని చూసి కేకలు పెట్టింది లాభు. పదిహేనేళ్ళుగా ఆయన దగ్గర డిజైన్ల ఫిల్ములు గీస్తున్న మనిషి. పదిన్నరకల్లా ఆమె చేతులకే సంకెళ్ళు పడ్డాయి.

కుసుమ్‌ని పిలిపించింది వ్రజ్‌లాల్ వేకరియా. మూడు ప్రింటింగ్ షెడ్ల యజమాని, ప్రింటర్ల సంఘానికి సెక్రటరీ. తెల్లటి ధోవతి కట్టుకుని వాకిట్లో స్టూలు మీద కూర్చున్నాడు.

"కుసుమ్‌బెన్, నాకు లాభు మీద అనుమానం లేదు," అన్నాడు. "మా సంఘం పరువు పోతోంది. ఆవిడ ఏం చెబుతోందో, మూల్జీబాపా దగ్గర ఏ కాగితాలు, ఏ ఫిల్ములు ఉన్నాయో అన్నీ చూసి నాకు చెప్పు. పని ఇచ్చిన పార్టీల సొత్తు కదా, పోకూడదు."

కుసుమ్ తలూపి లోపలికి వెళ్ళింది.

నాలుగడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడుగున్న ఇరుకు గది. కిటికీ లేదు. ఒక్కటే తలుపు, తూర్పుకి. అది తీస్తే ఎండ కత్తిలా నేల మీద పడింది. గడపనుంచి రెండడుగుల్లో, ఎడమ గోడకి ఆనించి ఒక చెక్క బీరువా. గది చివర ఫిల్ముల కవర్లు పేర్చిన అల్మరా, పక్కన చిన్న సిమెంటు తొట్టి. పైన పసుపు బల్బు. మూల్జీ పడిన చోట సుద్దగీత.

కుసుమ్ మోకాళ్ళ మీద కూర్చుని నేల చూడటం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలు లేవలేదు.

"రక్తం ఎప్పుడూ చూడలేదా?" అన్నాడు ఝాలా.

"చూశాను. లేని చోటే చూస్తున్నా. గడప దగ్గర చుక్కలున్నాయి. గది లోపలివైపు చుక్కలున్నాయి. మధ్యలో, సరిగ్గా ఈ బీరువా ముందు, మూడడుగుల మేర ఒక్క చుక్క లేదు. ఎదురు గోడ మీద మాత్రం నడుము ఎత్తునుంచి పైకి ఉన్నాయి. నడుము కింద శుభ్రం."

"అయితే?"

"అయితే రక్తం చిందినప్పుడు ఇక్కడ ఏదో అడ్డంగా ఉంది. తర్వాత లేదు. ఈ బీరువా తెరిచారా?"

"తెరిచాం. టార్చి వేసి ఒక్క క్షణం చూశాం. సొరుగుల్లో చెక్క చట్రాలున్నాయి. మూసేశాం."

"ఒక్క క్షణమేనా?"

"చట్రాల్ని గంటసేపు చూడటానికి నేనేమన్నా వడ్రంగినా?"

"బతికించారు," అంది కుసుమ్ లేస్తూ. బీరువా మీద చెయ్యి వెయ్యలేదు. బయటికి వచ్చి గది తలుపు దగ్గరికి లాగేసింది. "లాభుని పిలవండి."

*

ముందు గదిలో, మూల్జీ టెలిఫోను ఉన్న బల్ల దగ్గర, లాభుని కూర్చోబెట్టింది ఆడ కానిస్టేబుల్. ముప్ఫయ్యారేళ్ళు, బక్కపలచటి మనిషి. వేళ్ళ గోళ్ళ చుట్టూ నల్ల ఇంకు ఇంకిపోయి ఉంది. కుసుమ్ ముఖం వైపు చూడలేదు.

"నిన్న పొద్దున్నుంచీ మూల్జీభాయ్ ఏ పని చేశాడో చెప్పు."

"చెబితే ఏం చేస్తావ్? సేఠ్ పంపితే వచ్చావ్. సేఠ్‌లు పంపినవాళ్ళు నా కోసం రారు."

"ఎవరు పంపినా సరే, ఉరితాడు నీ మెడకే. చెప్పు. ఫ్రేము దగ్గర్నుంచి చెప్పు."

"స్క్రీను ఎలా చేస్తారో కూడా తెలీకుండానే డిటెక్టివువి అయ్యావా?"

"తెలీదు కాబట్టే అడుగుతున్నా."

లాభు పెదవి విరిచి, చెప్పింది. ఆ మాటల్లో విసుగున్నా, పని గురించి మాట్లాడుతుంటే గొంతు తనంతట తనే స్థిరపడింది.

మొన్న సాయంత్రం టేకు చట్రానికి జాలీ బట్ట, జల్లెడలా సన్నటి కన్నాలున్న గుడ్డ, బిగించారు. ఒకరు పట్టకారుతో లాగాలి, ఒకరు మేకు కొట్టాలి. వేలితో మీటితే డప్పులా మోగేదాకా లాగాలి. అందుకే సుత్తి మీద లాభు వేలిముద్రలు. తర్వాత జిడ్డు పోయేలా సోడానీళ్ళతో కడిగి ఆరబెట్టారు. నిన్న ఏడున్నరకి మూల్జీ చీకటి గదిలో, జిగురులో నారింజ రంగు పలుకుల మందు కలిపి, బట్టకి రెండువైపులా పూత పూశాడు. దాన్ని బీరువా సొరుగులో పడుకోబెట్టాడు. గంటన్నరకి ఆరుతుంది.

"ఆరాక?"

"ఆరాక దానికి వెలుతురు తగలకూడదు. పసుపు దీపం పరవాలేదు. నేను నల్ల ఇంకుతో గీసిన ఫిల్ము దాని మీద పెట్టి, అద్దంతో నొక్కి, ఎండలో మూడు నిమిషాలు పెడతాం. ఎండ తగిలిన చోట పూత రాయి అవుతుంది. నల్ల గీత కింద ఎండ తగలదు కదా, అక్కడ మెత్తగానే ఉంటుంది. నీళ్ళు పోస్తే ఆ మెత్తటిదంతా కరిగిపోతుంది. అక్కడ జాలీ తెరుచుకుంటుంది. చీర మీదికి రంగు దిగేది అందులోంచే."

"ఎండ తగలకపోతే పూత అలాగే ఉంటుందా?"

"ఈ ఎండాకాలంలోనా? ఒక రోజు. ఆ తర్వాత చీకట్లో పెట్టినా తనంతట తనే గట్టిపడిపోతుంది. ఇక ఎన్ని నీళ్ళు పోసినా దిగదు."

కుసుమ్ వాచీ చూసుకుంది. పదీ ఇరవై అయిదు. పూత వేసి ఇరవై ఏడు గంటలు కావస్తోంది.

"నిన్న తొమ్మిదికి కరెంటు ఉందా?"

"లేదు. తొమ్మిదినుంచి పదకొండుదాకా కోత. బాపా లాంతరుకి పసుపు కాగితం చుట్టి పెట్టుకున్నాడు."

"ఆ లాంతరు కూడా ఆరిపోయి కిందపడి ఉంది," అన్నాడు గుమ్మంలోంచి ఝాలా. "నా పంచనామాలో ఉంది. మీకు తెలియని విషయాలు కూడా మేం రాసుకుంటాం."

"మంచిది. లాంతరు ఆరిపోయాక హంతకుడికి కళ్ళు కనబడాలంటే ఏం చెయ్యాలి?"

ఝాలా చీకటి గది వైపు చూశాడు. "తలుపు తియ్యాలి."

కుసుమ్ లాభు వైపు తిరిగింది. "ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఎందుకు గొడవపడ్డావు?"

"జీతం గురించి."

"అబద్ధం. పదిహేనేళ్ళలో ఒక్కసారి జీతం పెంచమని అడగలేదని వీధిలో అందరూ చెప్పారు."

"నీకెందుకు?"

"నువ్వు దాస్తున్నది నిన్ను కాపాడేది కాదు. ఎవడినో కాపాడేది. వాడు ఈ పూట హాయిగా గాఠియా తిని, టీ తాగి ఉంటాడు."

లాభు కళ్ళెత్తింది. ఆ కళ్ళల్లో ద్వేషం తప్ప ఇంకేం లేదు. అది తన మీద కాదని కుసుమ్‌కి అప్పుడే అర్థమైంది.

"భేసాణ్‌లో మా తమ్ముడు," అంది లాభు. "పోయినేడు ఎనిమిది బిఘాల పొలంలో వేరుశెనగ వేశాడు. పేరున్న కంపెనీ విత్తనం. పిడికెడు మొలవలేదు. ఎడ్లు అమ్ముకున్నాడు. మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్తే, ఆ ఖాళీ సంచి గుమ్మంలో కాళ్ళు తుడుచుకోవడానికి పరిచి ఉంది. దాని మీద వేరుశెనగ మొక్క బొమ్మ."

"ఊఁ."

"ఎడమ పక్క మూడో ఆకు కొస మడిచి ఉంది. నేనలాగే గీస్తాను. ఇంకెవరూ గీయరు. అది నా చెయ్యి. ఆ బొమ్మ నేనే గీశాను. కంపెనీ సంచికి నకలు అది. నా చేతులతో గీసి, నా తమ్ముడి గొంతు కోశాను." ఆమె తన చేతులు చూసుకుంది. "బాపా మొహాన ఆ సంచి విసిరాను. నిన్న పోలీసులకి చెబితే ఏమవుతుంది? చంపడానికి ఇంతకంటే కారణం ఉందా అంటారు."

"అంటాను," అన్నాడు ఝాలా.

"ఆయన ఏమన్నాడు?" అంది కుసుమ్.

"తెల్లబోయాడు. కంపెనీ పనే అని పార్టీ చెబితే నమ్మానన్నాడు. ఎవరా పార్టీ అంటే చెప్పలేదు. 'నువ్వు వెళ్ళు లాభు, నేను మాట్లాడతా, ఆ ఫిల్ములు తీసుకుని ఠాణాకి నేనే వెళ్తా' అన్నాడు. తొమ్మిదీ పదికి బయటికి వచ్చేశాను. భాదర్ వంతెన కింద కూర్చున్నాను. కోపం తగ్గాక తిరిగి వచ్చాను."

"ఆ ఫిల్ములు ఎక్కడ ఉండేవి?"

"చీకటి గదిలో, అల్మరాలో. ఖాకీ కవరు."

ఝాలా లోపలికి వెళ్ళి, టార్చి వెలుగులో వెతికి, తిరిగి వచ్చాడు. మొహంలో చిరాకు. "లేదు."

*

"సంగతి ఇదీ," అంది కుసుమ్. "మూల్జీ పార్టీకి ఫోన్ చేశాడు. వాడు వచ్చాడు. తలుపు మూసుకుని మాట్లాడుతూ మూల్జీ ఆరిన స్క్రీను తీద్దామని సొరుగు బయటికి లాగాడు. సొరుగు లాగితే గదికి అడ్డంగా ఎదురు గోడదాకా వస్తుంది. వాడు కొట్టాడు. లాంతరు పడింది. తలుపు తీసి, వెలుతురులో అల్మరా వెతికాడు. కవరు దొరికింది. తన ఫిల్ము అవునో కాదో చూసుకోవాలిగా? ఇరుకు గదిలో ఆ ఫిల్ము పెట్టుకుని చూడటానికి నడుమెత్తున ఉన్న బల్లలాంటిది ఒక్కటే. ఆ సొరుగు. అందులో పూత పూసిన స్క్రీను. దాని మీద తూర్పు ఎండ."

లాభు నెమ్మదిగా లేచి నిలబడింది. "వాడు బయటికి పోవాలంటే సొరుగు మళ్ళీ లోపలికి తొయ్యాలి," అంది. "బీరువా మూసుకుంటే చీకటి."

"అందుకే ఆ స్క్రీను ఇప్పుడే కడగాలి. దీపం వెయ్యకుండా."

"కడగాలా?" ఝాలా గొంతు లేచింది. "మీరు చెప్పేది నిజమైతే అది సాక్ష్యం. దాని మీద నీళ్ళు పోస్తారా? నా గది, నా సీలు. లాబొరేటరీకి పంపిస్తా."

"అహ్మదాబాదుకి చేరేది ఎల్లుండి. అప్పటికి అది రాయి."

"కడిగాక ఏమీ రాకపోతే? 'ఇన్స్పెక్టరు సాక్ష్యం కడిగేశాడు' అని రాసి కాగితం నా మొహాన కొడతారు. ఈసారి మీరు కాదు, జడ్జి."

"వస్తే?"

ఝాలా ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "రాకపోతే, దీన్ని కడిగింది మీరేనని మీ చేతిరాతతో రాసివ్వాలి. మీ లైసెన్సు పోతుంది."

కుసుమ్ ఆ కాగితం తీసుకుని నిలబడే రాసి, సంతకం పెట్టి అతని ముందు పడేసింది.

"నేను కూడా చూస్తా," అంటూ వ్రజ్‌లాల్ లేచాడు. "సంఘం తరఫున సాక్షిగా ఉంటా."

నలుగురూ చీకటి గదిలో ఇరుక్కున్నారు. తలుపు మూశారు. పసుపు బల్బు కింద మనుషుల ముఖాలన్నీ కామెర్లు వచ్చినట్టున్నాయి. కానిస్టేబుల్ బయటే సంకెళ్ళు విప్పింది. లాభు బీరువా తెరిచి, మధ్య సొరుగు లాగింది. అది ఎదురు గోడకి తగిలి ఆగింది. స్క్రీను మీద రంగేదీ తెలియడం లేదు, పసుపు వెలుగులో అంతా ఒకటే.

"ఇరవై ఏడు గంటలు," అంది లాభు గొణుగుతున్నట్టు. "వస్తుందని చెప్పలేను. రాదని చెప్పలేను."

స్క్రీను తొట్టిలో నిలబెట్టి, చెంబుతో నీళ్ళు పోసింది. జూన్ ఎండకి మిద్దె మీద ట్యాంకు నీళ్ళు గోరువెచ్చగానే వస్తున్నాయి. ఒక చెంబు. పది చెంబులు. ఏమీ కదల్లేదు. ఝాలా గడియారం చప్పుడు వినబడుతోంది.

"అయిపోయింది," అన్నాడు వ్రజ్‌లాల్. "ఇక్కడ ఊపిరాడటం లేదు బాబూ, తలుపు తియ్యండి." అతని చెయ్యి గడియ మీద పడింది.

"తియ్యొద్దు!" అని అరిచింది లాభు. "మెత్తబడుతోంది!"

గడియ కదిలింది. అది జారేలోపు దాని మీద ఇంకో అరచెయ్యి పడింది.

"సేఠ్," అన్నాడు ఝాలా మెల్లగా, "నేనూ ఇక్కడే ఊపిరి పీలుస్తున్నాగా."

లాభు అరచేత్తో తడిపూత మీద సున్నితంగా నిమిరింది. ఏదో జారింది. ముందు ఒక ఆకు అంచు. తర్వాత కాడ. మొండిగా, తునకలు తునకలుగా, మెత్తటి పూత వదులుతోంది. అద్దం నొక్కలేదు కాబట్టి గీతలు చెదిరాయి. కొన్నిచోట్ల పూత రాయై అతుక్కుపోయింది. అయినా ఆమె చెంబు ఆగలేదు. చివరి చెంబు పోసి, "ఇప్పుడు తియ్యొచ్చు. ఇక వెలుతురు దీన్నేం చెయ్యలేదు," అంది.

తలుపు తెరుచుకుంది. లాభు ఆ స్క్రీను ఎండకి ఎత్తి పట్టుకుంది.

గోధుమరంగు పూత మధ్య, తెరిచిన జాలీలోంచి వెలుతురు ఒక వేరుశెనగ మొక్కలా కిందికి దిగింది. ఎడమ పక్క మూడో ఆకు కొస మడిచి ఉంది.

"అక్షరాలు కూడా ఉన్నాయి, అడుగున," అన్నాడు ఝాలా కళ్ళు చికిలించి. "తిరగబడ్డాయి."

లాభు స్క్రీను ఇటు తిప్పింది. "ఇది డిజైను కాదు, ఫిల్ము అంచు. పార్టీ పేరు, సెట్టు నంబరు, రంగు. ఏ ఫిల్ము అయినా బాపా తన చేత్తో రాస్తాడు. అచ్చు వేసేటప్పుడు దాన్ని మూసేస్తాం." ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. మధ్యలో ఆగి, తల తిప్పి వ్రజ్‌లాల్‌ని చూసింది.

"చదువు," అంది కుసుమ్.

"వ్రజ్‌లాల్ వేకరియా. మూడో సెట్టు. ఆకుపచ్చ."

వ్రజ్‌లాల్ నవ్వాడు. "నా పేరు మీద ఈ ఊళ్ళో సగం ఫిల్ములుంటాయి. అందులో వింతేముంది?"

"ఈ స్క్రీనుకి పూత పడింది నిన్న ఏడున్నరకి," అంది కుసుమ్. "ఆరింది తొమ్మిదికి. ఈ ఫిల్ము దీని మీద ఎండలో పడింది ఆ తర్వాతే. పదికి లాభు వచ్చేసరికి ఫిల్ము లేదు. ఆ గంటలో మీ ఫిల్ముతో పనిబడి వచ్చినవాడు ఎవడు? మీ పేరున్న ఫిల్మును మీరు తప్ప ఎవరు ఎత్తుకుపోతారు?"

"నాకిప్పుడు అర్థమైంది," అన్నాడు ఝాలా. "సేఠ్, రాత్రి మీరు మూడుసార్లు ఫోన్ చేశారు నాకు. లాభు ఏం చెప్పింది, ఏం చెప్పింది అని. సానుభూతి అనుకున్నా."

వ్రజ్‌లాల్ మొహం మీది నవ్వు పోలేదు, కానీ దాని రుచి మారింది. కుసుమ్‌ని పైనుంచి కిందికి చూశాడు. "తప్పిపోయిన మొగుళ్ళ వెంట తిరిగే ఆడదానివని విన్నాను. అందుకే నిన్ను పిలిచాను. పోలీసుకి అడ్డంపడి గోల చేస్తావు, చేతకాక పోతావు, అంతే అనుకున్నా. ముసలాడు కవరు ఇచ్చేసి ఉంటే బతికేవాడు. 'ఠాణాకి పోతా' అని వీపు తిప్పాడు. నాకు వీపు తిప్పాడు!"

లాభు స్క్రీనుతో అతని మీదికి దూకింది. కుసుమ్ ఆమె నడుము పట్టి లాగింది. అప్పటికే ఝాలా, లాభు చేతులనుంచి విప్పిన సంకెళ్ళు అతని మణికట్లకి బిగించాడు.

"మూడో సెట్టంటే, ముందు రెండు సెట్లున్నాయన్న మాట," అంది లాభు ఆయాసపడుతూ. "ఒకటి పోయినేటిది. రెండోది?"

"ఈ ఏటిది," అన్నాడు వ్రజ్‌లాల్. "సంచులు నిండి, షాపులకి చేరి వారమైంది. నన్ను పట్టుకున్నారుగా, సంతోషించండి."

"ఎన్ని? ఏ ఊళ్ళకి?" ఝాలా అతని కాలరు పట్టి ఊపాడు. వ్రజ్‌లాల్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ముందు గదిలో టెలిఫోను మోగింది.

కుసుమ్ పరుగున వెళ్ళి ఎత్తింది. తను మాట్లాడకముందే అవతలనుంచి ఒక మగగొంతు గడగడా అందుకుంది. "సేఠ్ ఉన్నారా అక్కడ? ఇంటికి చేస్తే ఖత్రీ దగ్గరికి వెళ్ళారన్నారు. ఇక్కడ వాన దంచి కొట్టింది. రైతులు షాపు ముందు లైను కట్టారు, ఇప్పుడే విత్తుతామంటున్నారు. సరుకు విప్పమంటారా?"

కుసుమ్ రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకుంది. ఏ ఊరు అని అడిగితే పట్టుబడుతుంది. "ఉండండి, సేఠ్‌ని..." అని గొంతు మార్చి మొదలుపెట్టింది.

"విప్పెయ్!" వాకిట్లోంచి వ్రజ్‌లాల్ గొంతు చించుకుని అరిచాడు. "అన్నీ విప్పెయ్! విప్పేసి పారిపో!"

ఝాలా అతని నోరు మూసేసరికి ఆలస్యమైంది. రిసీవర్లో టక్కున చప్పుడు. లైను తెగిపోయింది.

"ఏ ఊరు?" అన్నాడు ఝాలా గుమ్మంలోకి వచ్చి. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు.

"చెప్పలేదు. వాన పడిందన్నాడు, అంతే."

బయట ఆకాశం తెల్లగా మండిపోతోంది. జేత్‌పూర్‌లో చినుకు లేదు. నాలుగు రోడ్ల మీద నలభై ఊళ్ళు. విత్తనం మట్టిలో పడితే తిరిగి తీయలేరు.

"ఎక్స్ఛేంజికి ఫోన్ చేస్తే కాల్ ఎక్కడినుంచో చెబుతారు," అన్నాడు ఝాలా. "గంట పడుతుంది."

"గంటలో సగం పొలాలు అయిపోతాయి." కుసుమ్ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. "మీ జీపు తియ్యండి. బస్టాండుకి."

"బస్టాండుకి ఎందుకు?"

"ఈ ఎండలో తడిసి వచ్చిన బస్సు ఏదో, దాని బోర్డు చదువుదాం."

ఝాలా వ్రజ్‌లాల్‌ని కానిస్టేబుల్‌కి అప్పగించి, తాళాలు తీసుకుని పరిగెత్తాడు. లాభు కూడా పరిగెత్తింది. ఆమెను ఎవరూ ఆపలేదు.